వియెంగ్ సాయ్: సున్నపురాయి కింద నడిచిన సర్కారు

లావోస్ ఈశాన్య కొసన, వియత్నాం సరిహద్దును ఆనుకుని హువాఫాన్ రాష్ట్రం ఉంది. దాని కేంద్రం సామ్ నువా నుంచి తూర్పుగా సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే వియెంగ్ సాయ్ వస్తుంది. నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు, వాటి పాదాల దాకా పరచుకున్న వరిమళ్లు, చెరువులు, ఊరి అవసరానికి మించి వెడల్పుగా వేసిన రోడ్లు. పైకి ఇంతే. అసలు ఊరు కొండల లోపల ఉంది. 1964 నుంచి 1973 వరకు లావోస్ కమ్యూనిస్టు ఉద్యమం పాథెట్ లావ్ తన ప్రధాన కార్యాలయాన్ని ఈ గుహల్లోనే నడిపింది. సుమారు 480 గుహలు వాడకంలో ఉండేవనీ, వాటిలో 23,000 మంది వరకు తలదాచుకున్నారనీ లెక్క చెబుతారు. పార్టీ నాయకులు, సైనికులు, నర్సులు, టీచర్లు, అచ్చుయంత్రాల పనివాళ్లు, రేడియో ప్రసారాలు చేసేవాళ్లు, పిల్లలు, అందరూ అక్కడే.

ఈ చోటు గురించి రాసేవాళ్లు చాలామంది ప్రకృతే వీళ్లను కాపాడిందని తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది కానీ గుహలను కాస్త ఓపికగా చూస్తే ఆ మాట నిలవదు. సున్నపురాయి ఇచ్చింది అవకాశం మాత్రమే. ఎవరు బతికారు, ఎంత భద్రంగా బతికారు అన్నది ద్వారం ఎటు తిరిగి ఉంది, దాని ముందు గోడ ఉందా, లోపల గాలి ఎలా ఆడుతుంది, ఆ గుహ ఎవరి పేరిట ఉంది అనే విషయాలు తేల్చాయి. ఇదే దేశంలో, ఇలాంటి రాతిలోనే, ఒక గుహ వందల మందికి సమాధి అయింది. రెండింటినీ కలిపి చూస్తేనే యుద్ధకాలపు గుహ అంటే ఏమిటో అర్థమవుతుంది.

పాథెట్ లావ్ ఇంత మారుమూలకు ఎందుకు వచ్చింది? ఫ్రెంచి పాలన ముగింపుకు దారి తీసిన 1954 జెనీవా ఒప్పందం ప్రకారం ఆ దళాలు హువాఫాన్, ఫోంగ్సాలీ రాష్ట్రాల్లో సమీకృతం కావాలి. ఒప్పందం అమలును చూడటానికి ఏర్పాటైన అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానికి అధ్యక్ష స్థానం భారతదేశానిది. కెనడా, పోలండ్ సభ్యులు. ఆ సంఘం 1958లో పని ఆపేసి, 1961లో మళ్లీ కూర్చుంది. 1962లో లావోస్ తటస్థ దేశమని 14 దేశాలు జెనీవాలో సంతకాలు చేశాయి, అందులో భారత్ కూడా ఉంది. కాగితం మీద తటస్థత, కొండల్లో యుద్ధం. ఉత్తర వియత్నాం సైన్యం లావోస్‌ను వదిలి వెళ్లలేదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ హ్మోంగ్ తెగవారితో రహస్య సైన్యాన్ని నిలబెట్టింది. మూడు దేశాలూ మూడు తీర్లుగా ఆలోచించే సంఘానికి ఇందులో ఆపగలిగింది దాదాపు ఏమీ లేకపోయింది. భారత దౌత్య చరిత్రలో ఈ లావోస్ అధ్యాయం మీద మన దగ్గర పెద్దగా చర్చ జరగకపోవడం కాస్త వింతే.

పాథెట్ లావ్‌కు బయట కనిపించే ముఖం రాకుమారుడు సుఫానువాంగ్. రాజవంశీకుడు, పారిస్‌లో చదివిన సివిల్ ఇంజనీరు. 1959లో రాజు ప్రభుత్వం ఆయన్నీ సహచరులనూ రాజధాని వియెంటియాన్‌లో జైల్లో పెడితే, మరుసటి ఏడాది కాపలావాళ్లనే తమవైపు తిప్పుకుని, వాళ్లతో సహా తప్పించుకున్నారు. తెరవెనుక పగ్గాలు మాత్రం కైసోన్ ఫోమ్విహాన్ చేతిలో ఉండేవి. 1964లో అమెరికా విమానాల దాడులు మొదలయ్యాక ఈ నాయకత్వం వియెంగ్ సాయ్ కొండల్లోకి మారింది. ఇక్కడి నుంచి వియత్నాం సరిహద్దు దగ్గర. బియ్యం, మందులు, ఆయుధాలు, సలహాదారులు అటు నుంచే రావాలి కనుక కొండలకున్నంత విలువ ఆ దగ్గరితనానికీ ఉంది.

ఇక రాయి సంగతి. వాన నీరు గాలిలో, ముఖ్యంగా మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయి పగుళ్ల వెంట దిగుతూ దాన్ని కరిగిస్తుంది. లక్షల ఏళ్లు ఇలా సాగితే పగుళ్లు సొరంగాలవుతాయి. భూగర్భ జలమట్టం కిందికి దిగినప్పుడు అవి పొడిబారి గుహలుగా మిగులుతాయి. పైన మిగిలిన రాయి నిట్టనిలువు గోడలతో విడివిడి కొండలుగా నిలుస్తుంది, వాటి మధ్య నేల చదునుగా పరచుకుంటుంది. యుద్ధంలో ఈ ఆకృతికి ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. మామూలు కొండల్లో దాక్కోవాలంటే పొలం ఒకచోట, దాక్కునే చోటు ఇంకోచోట. ఇక్కడ మడి చివరి గట్టు దగ్గరే కొండ గోడ మొదలవుతుంది. విమానం చప్పుడు వినిపించాక పరుగెత్తి చేరగలిగినంత దూరంలో గుహ ఉంటుంది. వేల మందికి ఏళ్ల తరబడి తిండి పెట్టాల్సిన చోట ఈ సౌకర్యానికి సాటి లేదు.

అయితే సహజమైన గుహ బాంబుకు సగం రక్షణ మాత్రమే. తల మీద పదుల మీటర్ల రాయి ఉన్నప్పుడు పైనుంచి పడే బాంబు దాన్ని ఛేదించలేదు. ప్రమాదమంతా ద్వారం దగ్గరే. బయట పేలుడు జరిగినా ఆ ఒత్తిడి తరంగం ద్వారం గుండా దూరి, తిన్నగా ఉన్న సొరంగంలో లోపలి దాకా వెళ్తుంది. రాకెట్టు నేరుగా ద్వారంలోకి దూసుకొస్తే చెప్పనక్కరలేదు, అప్పుడు కాపాడాల్సిన రాతి గోడలే పేలుడును బయటికి పోనివ్వకుండా బంధిస్తాయి. వియెంగ్ సాయ్‌లో ద్వారాల ముందు అడ్డుగా కట్టిన మందపాటి గోడలను దాటి, పక్కకు తిరిగి లోపలికి వెళ్లాలి. చూడటానికి అనాకారిగా ఉండే ఆ గోడల దగ్గర ఫొటోల కోసం ఎవరూ ఆగరు. మొత్తం సముదాయంలో ప్రాణాలు నిలబెట్టిన కట్టడం మాత్రం అదే. లోపల డైనమైట్‌తో రాతిని పేల్చి గదులను పెంచారు, గుహలను కలిపారు, వేరే దారులు తీశారు. ఎదురుగా మరో కొండ గోడ ఉన్న ఇరుకు లోయలు కావడంతో విమానం తక్కువ ఎత్తులో దిగి ద్వారానికి గురి పెట్టడం కూడా కష్టమే.

కైసోన్ గుహ దీనికి మంచి ఉదాహరణ. కొండలోకి సుమారు 140 మీటర్లు సాగే ఈ గుహలో కార్యాలయం, పడకగది, పొలిట్‌బ్యూరో సమావేశ గది వరుసగా వస్తాయి. గుహ లోపలే గోడలు కట్టి, మామూలు ఇంటి గదుల్లా తీర్చారు. పైన మాత్రం సహజమైన రాతి కప్పు. సమావేశ గదిలో పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు ఉన్నాయి. రాజ్యాధికారం అంటే మనకు గుర్తొచ్చే హంగు ఏదీ అక్కడ లేదు, జిల్లా ఆఫీసు సమావేశ గదికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. ఇంకా లోపలికి వెళ్తే ఉక్కు తలుపు ఉన్న చిన్న గది వస్తుంది. విషవాయు దాడి జరిగితే తలుపు బిగించుకుని కూర్చోవడానికి కట్టింది. మూలన సోవియట్ తయారీ గాలి పంపు ఇప్పటికీ ఉంది. దానికి చేత్తో తిప్పే పిడి ఉంది. బయటి గాలిని లాగి, వడకట్టి లోపలికి తోస్తుంది. ఆ యంత్రం ముందు ఒక నిమిషం నిలబడితే ఒక ఆలోచన రాక మానదు. లోపల ఉన్నవాళ్లు ఊపిరి పీల్చాలంటే ఎవరో ఒకరు పిడి తిప్పుతూనే ఉండాలి. కరెంటు పోతే ఆగిపోయే యంత్రాన్ని నమ్ముకోకపోవడం మంచి ఇంజనీరింగ్. ఆ గదిలో పట్టేది కొద్దిమందికే కావడం మాత్రం మరో విషయం.

ఎందుకంటే ఉక్కు తలుపులు, గాలి పంపులు నాయకత్వం వాడిన గుహల ప్రత్యేకత. చూపించే గుహల పేర్లే ఈ అంతరాన్ని చెబుతాయి: కైసోన్ గుహ, సుఫానువాంగ్ గుహ, నుహాక్ ఫూమ్సవాన్ గుహ, ఫూమి వోంగ్‌విచిత్ గుహ, ఖమ్తాయ్ సిఫాండోన్ గుహ. వీరిలో నలుగురు తర్వాతి కాలంలో దేశాధ్యక్షులయ్యారు. మామూలు కుటుంబాలు తలదాచుకున్న వందల గుహల్లో చాలావాటికి ఇలాంటి అమరిక లేదు. సమానత్వం కోసం పోరాడుతున్నామని చెప్పిన ఉద్యమంలో గాలి కూడా హోదాను బట్టి పంచుకున్నారని ఎత్తిపొడవడం తేలిక. అది పూర్తి న్యాయం కాదు. నాయకత్వాన్ని ఒక్క దెబ్బతో తుడిచిపెట్టడమే శత్రువు లక్ష్యమైనప్పుడు ఏ సైన్యమైనా ముందు కమాండ్ కేంద్రాన్నే కాపాడుకుంటుంది. అయినా సందర్శకుడు చూసేది ఆ యుద్ధంలోని అతి భద్రమైన కొన్ని గదులను మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

మిగతావాళ్ల బతుకు ఎలా సాగింది? పగలంతా గుహలో, చీకటి పడ్డాక పొలంలో. నాట్లు, కోతలు రాత్రిపూట, లేదంటే తెల్లవారుజామున. పొగ పైకి లేస్తే ఆకాశం నుంచి కనిపిస్తుంది కనుక వంటకూ భయమే. ఆరేసిన తెల్లబట్ట కూడా ఆచూకీ చెప్పగలదు. ఒక పైరు కాలం ఇలా నెట్టుకు రావడమే కష్టం, ఇక్కడ అది తొమ్మిదేళ్లు సాగింది. గుహల్లోనే బడులు, ఆసుపత్రి, అచ్చుయంత్రం, రేడియో కేంద్రం నడిచాయి. లోపలి తేమ ఎండాకాలంలోనూ తగ్గదు. రాతి నుంచి బొట్టుబొట్టుగా నీరు కారుతూనే ఉంటుంది. హువాఫాన్ చలి ఉన్న ప్రాంతం, దాని మీద ఈ చెమ్మ. బాంబుల మాట అటుంచి, ఆ తేమలో పసిపిల్లలను పెంచడం ఎంత కష్టమో దానికి లెక్క కట్టినవాళ్లు లేరు.

ఈ మొత్తంలో కాస్త ఊపిరి పీల్చుకునేలా ఉండే చోటు సాంగ్లోట్ గుహ. పేరుకు తగ్గట్టు ఏనుగు నడిచిపోగలిగేంత పెద్దది, ఎక్కువ భాగం సహజంగా ఏర్పడిందే. అందులో వేదిక కట్టారు. సభలు, నాటకాలు, సంగీత ప్రదర్శనలు జరిగేవి. మిత్రదేశాల కళాబృందాలు కూడా వచ్చి ఆడాయి. బయట బాంబులు, లోపల ఆట అని దీన్ని కవిత్వంగా చెప్పడం మామూలే. ఆచరణలో చూస్తే అది పరిపాలన అవసరం. వేల మందిని ఏళ్ల పాటు చీకట్లో ఉంచిన ఏ పార్టీ అయినా వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మనమంతా ఒక్కటే అనిపించకపోతే ఆ జనం చెదిరిపోతారు.

బాంబుల లెక్క వింటే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000 సార్లు దాడికి వచ్చి 20 లక్షల టన్నులకు పైగా పేలుడు పదార్థాలు కురిపించాయి. సగటున ప్రతి 8 నిమిషాలకు ఒక విమానం మోసినంత, రాత్రింబవళ్లు, తొమ్మిదేళ్లు. అందులో 27 కోట్ల క్లస్టర్ బాంబు గుళ్లు, అంటే ఒక పెద్ద బాంబులోంచి విడిపోయి చెల్లాచెదురుగా పడే చిన్న బాంబులు ఉన్నాయి. 30 శాతం వరకు పేలకుండా నేలలో మిగిలాయని అంచనా. ఇదంతా అమెరికా ప్రజలకు చెప్పకుండా జరిగింది. అధ్యక్షుడు నిక్సన్ లావోస్‌లో తమ పాత్రను బయటికి ఒప్పుకున్నది 1970 మార్చిలో.

ఇదే సున్నపురాయిని అమెరికా కూడా వాడుకుందన్నది పర్యాటకులు తరచు మరిచే విషయం. అదే హువాఫాన్ రాష్ట్రంలో ఫు ఫా థి అనే కొండ ఉంది. ఒకరు రాతి కడుపులో దాక్కుంటే, ఇంకొకరు రాతి నెత్తిన కూర్చున్నారు: హనోయి మీదికి వెళ్లే విమానాలకు దారి చూపే రాడార్ కేంద్రాన్ని అమెరికా ఆ శిఖరం మీద రహస్యంగా పెట్టింది. ఒక పక్క నిట్టనిలువుగా ఉన్న గోడను ఎవరూ ఎక్కలేరన్న ధీమా వాళ్లది. 1968 మార్చి 10 రాత్రి ఉత్తర వియత్నాం కమాండోలు ఆ గోడనే ఎక్కి వచ్చారు. తెల్లారేసరికి కేంద్రం పడిపోయింది. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళం నేల మీద ఒకేచోట అంతమందిని ఇంకెప్పుడూ పోగొట్టుకోలేదు. రాతి మీద పెట్టుకునే నమ్మకం రెండు పక్షాలకూ ఒకే తీరుగా ప్రమాదకరమైంది.

ఆ ఏడాది చివర్లోనే థామ్ పియు జరిగింది. హువాఫాన్‌కు దక్షిణాన ఉన్న సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో, మువాంగ్ ఖామ్ దగ్గర, కొండ చరియలో ఉన్న గుహ అది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బాంబుల నుంచి దాక్కోవడానికి అందులో చేరారు. 1968 నవంబరు 24న విమానం వదిలిన రాకెట్టు గుహలో పేలింది. 374 మంది చనిపోయారని లావోస్ ప్రభుత్వం చెబుతుంది. స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు. గుహ ముందు నిలబడితే కారణం కళ్లకు కడుతుంది. పెద్ద ద్వారం, అది లోయ వైపు బార్లా తెరిచి ఉంది, ఎదురుగా ఆకాశానికి అడ్డేమీ లేదు. వియెంగ్ సాయ్ నాయకుల గుహలకు ఉన్న జాగ్రత్తలేవీ ఇక్కడ లేవు. రాయి అదే. దానికి కావలసిన ఇంజనీర్లు, డైనమైటు, సిమెంటు పల్లెటూరి జనానికి ఎక్కడివి?

1973 ఫిబ్రవరి 21న వియెంటియాన్ ఒప్పందంతో కాల్పులు ఆగాయి. నాయకులు గుహల్లోంచి బయటికొచ్చి, వాటి ముందే ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఆవరణల్లో పంపరపనస చెట్లు, పూలమొక్కలు ఉన్నాయి. సుఫానువాంగ్ ఇంటి తోటలో ఒక స్తూపం ఉంది. యుద్ధకాలంలో హత్యకు గురైన ఆయన కొడుకు స్మారకం అది. 1975 డిసెంబరు 2న లావోస్ ప్రజాస్వామ్య ప్రజల గణతంత్రం ఏర్పడింది, సుఫానువాంగ్ అధ్యక్షుడు, కైసోన్ ప్రధానమంత్రి. రాజధాని వియెంటియాన్‌లోనే ఉండిపోయింది. వియెంగ్ సాయ్ చాలాకాలం సైన్యం నీడలో, బయటివాళ్లకు అందకుండా మిగిలింది.

సరిగ్గా ఇక్కడే సందర్శకుడు ఎక్కువ జాగ్రత్తగా వినాలి. నేడు గుహలను సొంతంగా తిరిగి చూడటానికి వీలు లేదు. ఊళ్లోని కార్యాలయం దగ్గర ఉదయం, మధ్యాహ్నం బృందాలుగా బయలుదేరాలి. గైడు తాళాలు తీసుకుని వస్తాడు, చెవులకు పెట్టుకునే ఆడియో పరికరం ఇస్తారు. అందులో యుద్ధం చూసిన స్థానికుల జ్ఞాపకాలు ఉన్నాయి. ఆగ్నేయాసియాలోని యుద్ధ స్మారకాల్లో చాలాచోట్ల దొరికే నినాదాల కంటే ఈ గొంతులు ఎంతో నయం. అయినా పర్యటన మొత్తం ఒక విజయగాథగానే సాగుతుంది: దాక్కున్నారు, తట్టుకున్నారు, గెలిచారు. చూపించే చోట్లలో 1975 తర్వాతి హువాఫాన్ లేదు.

ఆ తర్వాతి హువాఫాన్ శిబిరాల నేల. ఓడిపోయిన రాజు ప్రభుత్వపు అధికారులు, సైనికాధికారులు వేల సంఖ్యలో 'సెమినార్' పేరుతో పునర్విద్యా శిబిరాలకు వెళ్లారు. వాటిలో ముఖ్యమైనవి ఈ రాష్ట్రంలోనే, కొన్ని వియెంగ్ సాయ్ చుట్టుపక్కలే ఉండేవి. కొన్ని వారాల పాఠాలని చెప్పి తీసుకెళ్లినవాళ్లలో పదేళ్లకు పైగా ఉన్నవారున్నారు, తిరిగి రానివారూ ఉన్నారు. గద్దె దిగిన రాజు సవాంగ్ వత్థనను 1977లో రాణితో, యువరాజుతో సహా వియత్నాం సరిహద్దు దగ్గరి సోప్ హావో శిబిరానికి తరలించారు. ముగ్గురూ ప్రాణాలతో బయటికి రాలేదు. 1989లో పారిస్ వెళ్లినప్పుడు కైసోన్, రాజు 1984లో సహజంగా మరణించాడని అన్నారు. అంతకు చాలా ముందే చనిపోయాడన్నది ఇతరుల వాదన. ఒక సర్కారును దాచిపెట్టడానికి ఏ గుణాలు పనికొచ్చాయో, ఇంకో సర్కారు మనుషులను కంటికి కనపడకుండా చేయడానికీ అవే గుణాలు పనికొచ్చాయి: దారి లేని కొండలు, దగ్గరి సరిహద్దు, ప్రశ్నించేవాళ్లు రాలేనంత దూరం. ఈ రెండో సగం వినకుండా చూసిన వియెంగ్ సాయ్ సగమే చూసినట్టు.

వెళ్లదలచినవారికి ప్రయాణం ఇప్పటికీ సులువు కాదు. వియెంటియాన్ నుంచి సామ్ నువాకు చిన్న విమానాలు ఉన్నా, పొగమంచు పట్టిన రోజుల్లో వాటిని నమ్మలేం. సియెంగ్ ఖువాంగ్ రాష్ట్ర కేంద్రం ఫోన్సవాన్ నుంచి రోడ్డు మార్గం పగలంతా పడుతుంది. మలుపుల రోడ్డు, అయితే లాభం ఒకటుంది. ఆ దారి మువాంగ్ ఖామ్ మీదుగానే వెళ్తుంది కనుక థామ్ పియును ముందు చూసి, తర్వాత వియెంగ్ సాయ్ చేరవచ్చు. క్రమం ఇదే అయితే మంచిది. థామ్ పియు ద్వారాన్ని చూసినవారికి కైసోన్ గుహ ముందున్న అడ్డుగోడ వెంటనే కంటపడుతుంది. తిరగేసి వెళ్తే రెండూ వట్టి గుహల్లాగే మిగిలే అవకాశం ఎక్కువ. వియత్నాంలోని థాన్ హువా వైపు నుంచి వచ్చేవారు నా మెవ్ సరిహద్దు దాటితే నేరుగా వియెంగ్ సాయ్ దగ్గరికే వస్తారు కానీ, వారికి ఈ సౌకర్యం ఉండదు. సామ్ నువాలో ఒక రాత్రి ఆగి ఉదయాన్నే బయలుదేరితే రెండు బృందాలతోనూ తిరిగే తీరిక దొరుకుతుంది. చలికాలంలో స్వెట్టరు తప్పనిసరి, లోపల తడి నేల జారుతుంది కనుక పట్టు ఉన్న చెప్పులు కావాలి.

రెండు చోట్లా నడిచిన బాట వదిలి కొండ మీదికో, పొలాల్లోకో వెళ్లకూడదు. యుద్ధం ముగిశాక పేలని బాంబుల వల్ల లావోస్‌లో చనిపోయినవారు, గాయపడినవారు 20,000 మంది దాకా ఉన్నారు. టెన్నిస్ బంతి అంత ఉండే క్లస్టర్ గుళ్లను ఆటవస్తువులనుకుని పట్టుకున్న పిల్లలు వారిలో చాలామంది. 2016 సెప్టెంబరులో లావోస్ వచ్చిన తొలి అమెరికా అధ్యక్షుడు ఒబామా, వీటిని తొలగించడానికి మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఏరివేత ఇంకా సాగుతూనే ఉంది.